ఫిన్నిష్ సినిమా 'లుమికునింగతార్' (1986): ఏడేళ్ల పిల్లకి చూపించి తప్పు చేశానా?

ఎస్పో_సుధ
మొన్న శనివారం లైబ్రరీ నుంచి ఒక పాత ఫిన్నిష్ సినిమా డిస్కు తెచ్చాను. 'లుమికునింగతార్', అంటే మంచు రాణి. 1986లో పైవి హార్ట్‌సెల్ అనే ఆవిడ తీసింది. కథ డెన్మార్క్ రచయిత ఆండర్సన్‌దే. మా అమ్మాయి ఒకటో తరగతి. బడిలో టీచరు ఆ కథ చెప్పిందట, అందుకని ఒకటే గొడవ.

తక్కువ డబ్బుతో తీశారని చూడగానే తెలుస్తుంది. మా అబ్బాయికి పదమూడేళ్లు. పది నిమిషాలు కూర్చుని, "ఇదేం సినిమా, అంతా అట్టలూ గుడ్డలూ" అని ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్లిపోయాడు. అమ్మాయి మాత్రం కళ్లార్పకుండా చివరిదాకా చూసింది. అసలు సమస్య తర్వాత మొదలైంది. మూడు రాత్రుల నుంచి నా పక్కలోనే పడుకుంటోంది, లైటు ఆర్పనివ్వడం లేదు. రాజమండ్రి నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లో "పసిపిల్లకి దయ్యాల సినిమాలు చూపిస్తావా" అని కోప్పడ్డారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఇక్కడ పిల్లలకి ఈ సినిమా చూపించిన వాళ్లు ఎవరైనా ఉన్నారా?

రెక్కలగుర్రం
ఆ వయసుకి ఎక్కువే. అదే కథ నుంచి పుట్టిన 'ఫ్రోజెన్' ఉందిగా, హాయిగా పాటలు పాడుకుంటారు.

ఔలు_లక్ష్మి
సుధ గారూ, పెట్టె మీద గుర్తు చూశారా? ఇక్కడ S అంటే అందరూ చూడొచ్చు. లేదంటే 7, 12, 16, 18. పక్కన ఒక చిన్న బొమ్మ కూడా ఉంటుంది. పిడికిలి ఉంటే కొట్లాట, సాలీడు ఉంటే పిల్లలు బెదిరే సన్నివేశాలు ఉన్నాయని. పాత డిస్కుల మీద ఈ బొమ్మలు ఉండకపోవచ్చు. హాల్లో అయితే పెద్దవాళ్లు పక్కన ఉంటే 18 తప్ప మిగతా వాటికి మూడేళ్లు తక్కువ ఉన్న పిల్లల్ని కూడా రానిస్తారు. అంటే పక్కన మనిషి ఉండడమే సగం ధైర్యం అని వీళ్ల లెక్క. మీరు పక్కనే కూర్చున్నారు కదా, అంత తప్పేం కాదు.

మా పిల్లలు చిన్నప్పుడు ఆ సాలీడు బొమ్మ చూసి, సినిమాలో నిజంగా సాలీడు వస్తుందని చివరిదాకా ఎదురుచూసేవాళ్లు.

ఎస్పో_సుధ
@ఔలు_లక్ష్మి పక్కనే ఉన్నానండి. మధ్యలో పప్పు మాడుతుంటే ఒక్కసారి లేచాను, అంతే.

పాతసెట్టు_మేస్త్రి
మీ అబ్బాయి అన్న "అట్టలూ గుడ్డలూ" మాట దగ్గర ఆగిపోయానమ్మా. ముప్ఫై ఏళ్లు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను, మొదట మద్రాసు, తర్వాత హైదరాబాదు. ఈ సినిమా మా కోడలు యూరప్‌లో ఉన్నప్పుడు చూపించింది. భాష ఒక్క ముక్క రాదు. అయినా చూశాను.

1986లో ఫిన్లాండ్ జనాభా 49 లక్షలు. ఆ భాష బయట ఎవరికీ రాదు. అంత చిన్న మార్కెట్‌లో రాజ్యం, కోట, మాయ అన్నీ చూపించాలి. అమెరికా వాళ్ల డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? 1969 నుంచి అక్కడ ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఫిల్మ్ ఫౌండేషన్ ఉంది, అదే అక్కడి సినిమాలకి పెద్ద అండ. అది ఇచ్చే డబ్బుకి కూడా హద్దు ఉంటుంది కదా. అప్పుడు బరువంతా మోయాల్సింది దుస్తులు, మేకప్, దీపాలు, నటి ముఖం. రాణిగా వేసిన సాతు సిల్వో ముఖం చూడండి. ఆమె నిలబడే తీరులోనే సగం కోట ఉంది.

మనకి ఇది కొత్త కాదు. విఠలాచార్య గారు ఉన్న సెట్టుకే రంగు మార్చి ఇంకో రాజ్యం చేసేవారు. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ 'మాయాబజార్'లో దీపాలతో వెన్నెల పుట్టించాడు. మేము మంచు కావాలంటే ఉప్పు పోసేవాళ్లం, థర్మాకోల్ తురిమేవాళ్లం, సబ్బు నురుగు వాడేవాళ్లం. ఉప్పు మీద నడిస్తే చెప్పుల్లోకి దూరి సాయంత్రానికి మడమలు పగిలేవి. దూరంగా కోట కనపడాలంటే గాజు పలక మీద బొమ్మ వేసి కెమెరా ముందు పెట్టేవాళ్లు. మనిషి మాయం కావాలంటే అదే ఫిల్మును వెనక్కి తిప్పి రెండోసారి తీసేవాళ్లు. ఒక్క అంగుళం తేడా వచ్చినా షాట్ పోయినట్టే.

చేత్తో చేసిన దాంట్లో చెయ్యి కనపడుతుంది. చిన్నపిల్లలకి అది అడ్డం రాదు. వాళ్లు దుప్పటి కప్పి గుహ అంటారు, చీపురు ఎక్కి గుర్రం అంటారు. అందుకే మీ పాప కదలకుండా చూసింది.

తంపెరె_తమ్ముడు
మేస్త్రి గారి పోస్టుకి చిన్న తోక. మీకు మంచు చెయ్యడం కష్టం, ఇక్కడ మంచుని తియ్యడం కష్టం. నాకు ఫొటోల పిచ్చి, పదేళ్లుగా చలికాలంలో కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను. తెల్లగా మెరిసే మంచుని కెమెరా మీటరు మామూలు బూడిదరంగు వస్తువు అనుకుని వెలుగు తగ్గించేస్తుంది. అలాగే తీస్తే మంచు మురికిగా వస్తుంది. మనమే ఒకటి, రెండు స్టాపులు పెంచుకోవాలి. చలికి బ్యాటరీ ఠక్కున పడిపోతుంది. బయట నుంచి వెచ్చటి గదిలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, అందుకే బయటే కవర్లో కట్టేసి లోపలికి తేవాలి.

ఇక వెలుతురు. డిసెంబరు మూడో వారంలో హెల్సింకిలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. దేశానికి ఉత్తరపు కొసన ఉత్స్‌యోకిలో దాదాపు 50 రోజులు సూర్యుడు పైకే రాడు. ఆ రోజుల్లో కాసేపు ఆకాశం, మంచు అన్నీ నీలంగా మారతాయి. 'సినినెన్ హెత్కి' అంటారు, నీలి క్షణం అని. మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మంచు రాణి అనే మనిషి ఉందంటే అప్పుడు నమ్మబుద్ధి వేసింది.

నిజాంపేట_నవీన్
ఒక మాట. డబ్బు లేకపోవడాన్ని మరీ ఆకాశానికెత్తుతున్నాం అనిపిస్తోంది. సుధ గారి అబ్బాయి తప్పేం అనలేదు. పదమూడేళ్లవాడు రోజూ గేమ్స్‌లో చూసే మంచు ఎలా ఉంటుందో తెలుసా? ప్రతి రేకూ విడిగా కదులుతుంది. నేను అదే రంగంలో ఉన్నాను, అది కూడా మనుషులు రాత్రింబవళ్లు కూర్చుని చేసే పనే. చేతిపని అంటే అట్టకి రంగు వెయ్యడం ఒక్కటేనా? హార్ట్‌సెల్ గారికి ఇంకో పది రెట్లు డబ్బు ఇచ్చి ఉంటే వద్దనేవారా?

పాతసెట్టు_మేస్త్రి
వద్దనరు. నేనైనా అనను. డబ్బు లేక సగంలో వదిలేసిన సెట్లు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మీ పని చేతిపని కాదని నేననలేదు బాబూ. ఆ సినిమాని అట్టలూ గుడ్డలూ అని పక్కన పెట్టొద్దని మాత్రమే నా బాధ.

నిజాంపేట_నవీన్
ఒప్పుకున్నా సార్. గాజు పలక సంగతి ఇంకా రాయండి వీలైతే, వేరే పోస్టు పెట్టండి.

పుస్తకాలపురుగు
సినిమా నేను ఒక్కసారే చూశాను, ముగింపు చెప్పను, చూడనివాళ్లు ఉంటారు. కానీ కథ చాలాసార్లు చదివాను. సుధ గారూ, భయం తగ్గాలంటే అసలు కథ పాపకి పూర్తిగా చదివి వినిపించండి. 1844 డిసెంబరులో అచ్చయింది, ఏడు చిన్న కథలుగా ఉంటుంది. ఒక పిశాచి అద్దం చేస్తాడు. మంచిదంతా అందులో చిన్నదైపోతుంది, చెడ్డదంతా పెద్దగా కనపడుతుంది. అది పగిలి ముక్కలు లోకమంతా ఎగిరిపోతాయి. ఒకటి కై అనే పిల్లాడి కంట్లో, ఒకటి గుండెలో పడతాయి. అప్పటిదాకా పక్కింటి గెర్డాతో గులాబీలు పెంచిన పిల్లాడు ఆ గులాబీల్నే పీకేస్తాడు, నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆమెని వెక్కిరిస్తాడు.

రాణికి ఆ అద్దంతో సంబంధం లేదు. మొదట ఆమె కైని పట్టుకోలేదు కూడా. వాడే తన చిన్న బండిని ఆమె బండికి కట్టుకున్నాడు. రెండు ముద్దులు పెట్టింది. ఒక ముద్దుకి చలి పోయింది, ఇంకో ముద్దుకి ఇల్లు మరిచిపోయాడు. మూడోది పెడితే చచ్చిపోతావని ఆమే చెప్పి ఆపేసింది.

చివర్లో ఆమెని ఎవరూ చంపరు. గెర్డా కోటకి చేరే వేళకి రాణి ఇంట్లోనే లేదు. వెచ్చని దేశాలకి వెళ్లింది, ఎట్నా, వెసూవియస్ కొండల మీద కాస్త తెల్లగా మంచు చల్లి రావడానికి! వాటిని నల్లటి కుండలు అంటుంది. నాకు కథ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది, చిలక మెడ తిప్పితే అయిపోయింది. ఇక్కడ చిలకా లేదు, కత్తీ లేదు. గెర్డా ఏడ్చింది, ఆ కన్నీళ్లు కై గుండె మీద పడ్డాయి, మంచు కరిగింది. వాడికీ ఏడుపొచ్చింది, కంట్లో ముక్క జారిపోయింది. అంతే.

ఔలు_లక్ష్మి
ఎండుచేప సంగతి మరిచారు! లాప్లాండ్ ముసలమ్మ దగ్గర కాగితం లేక ఎండబెట్టిన కాడ్ చేప మీద ఉత్తరం రాసి, కైని వెతుక్కుంటూ పోతున్న గెర్డాకి ఇస్తుంది. అవతల ఫిన్ ముసలమ్మ దాన్ని మూడుసార్లు చదివి, కంఠతా వచ్చేశాక చేపని కూర కుండలో పడేస్తుంది. పాడుచేయడం ఎందుకని. మా నాయనమ్మ కూడా అలాగే చేసేది.

పైగా ఆ ముసలమ్మ ఇంట్లో ఎంత వేడంటే ఒంటి మీద బట్టలు ఉంచుకోలేదు, గెర్డాని మోసుకొచ్చిన రెయిన్‌డీర్ నెత్తిన మంచుగడ్డ పెట్టాల్సొస్తుంది. ఇక్కడ అందరం నవ్వుకుంటాం, అది సౌనా (ఇక్కడి వేడి ఆవిరి స్నానాల గది) కాక ఇంకేమిటని.

రెక్కలగుర్రం
అయితే ఇది ఫిన్లాండ్ కథే అన్నమాట. డెన్మార్క్ అనుకున్నాను.

ఔలు_లక్ష్మి
@రెక్కలగుర్రం రాసింది డెన్మార్క్ ఆయనే. కథలో ఆ ముసలమ్మ ఉండేది ఫిన్‌మార్క్‌లో, అది నార్వే ఉత్తరపు కొస. ఆ వైపు వాళ్లు పాతకాలంలో 'ఫిన్' అన్నది సామీ జనాన్ని, అంటే ఆ ఉత్తరపు ఆదివాసీలని. రాణి కోట ఇంకా పైన స్పిట్స్‌బెర్గెన్ దీవిలో. లాప్లాండ్‌లో ఆమెకి వేసవి గుడారం ఉంటుందట, అంతవరకూ ఇటుపక్క వాటా.

తంపెరె_తమ్ముడు
ఇంకో సంగతి. ఫిన్నిష్‌లో గెర్డాని 'కెర్తు' అంటారు. హాన్సెల్, గ్రెటెల్ కథ ఇక్కడ 'హన్ను య కెర్తు'. మా వాడు చాలా రోజులు ఇద్దరూ ఒకే కెర్తు అనుకున్నాడు. "పాపం, ముందు అన్నని మంత్రగత్తె దగ్గర నుంచి విడిపించింది, ఇప్పుడు మళ్లీ ఇంకొకణ్ణి తీసుకురావాలా" అని బాధపడ్డాడు.

వెన్నెల_రీలు
ఈ కథ మీద సినిమాలు చూసేవాళ్లు 1957 సోవియట్ యానిమేషన్ కూడా చూడండి, లెవ్ అతమానోవ్ తీసింది. జపాన్ యానిమేషన్ దర్శకుడు మియజాకి తనకి యానిమేషన్‌లో కొనసాగాలనే పట్టుదల ఇచ్చిన సినిమాల్లో అదొకటని చెప్పుకున్నాడు. ఫిన్లాండ్ సినిమాకి మాత్రం నా ఓటు సంగీతానికి. యుక్కా లింకోలా చేశాడు. బొమ్మ చూడకుండా విన్నా చలేస్తుంది.

రెక్కలగుర్రం
అందరూ కథ చెప్పుకుంటున్నారు, పాప నిద్ర సంగతి ఎవరికీ పట్టలేదు.

ఎస్పో_సుధ
పట్టిందండి, అందుకే మళ్లీ వచ్చాను. @పుస్తకాలపురుగు చెప్పినట్టు నిన్న రాత్రి కథ చదివాను. మధ్యలో అడిగాను, "నీకు రాణి అంటే భయమా" అని. లేదంది. "రాణి బాగుంది, కిరీటం బాగుంది" అంది. మరి దేనికి భయం అంటే చాలాసేపు మాట్లాడలేదు. దుప్పటి ముఖం మీదకి లాక్కుని అడిగింది: "అమ్మా, అన్నయ్య కంట్లో కూడా ముక్క పడిందా?"

నాకు నోట మాట రాలేదు.

పోయిన ఏడాది వరకు వాడే దాన్ని బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాడు. మంచులో కూర్చోబెట్టి బండి లాగేవాడు. ఈ ఏడాది గది తలుపు వేసుకుంటున్నాడు. ఏదడిగినా "పో" అంటాడు. పిల్ల పాడుతుంటే వెక్కిరిస్తాడు. సినిమా రోజు కూడా పది నిమిషాలకే లేచి వెళ్లిపోయాడు కదా, సరిగ్గా అప్పుడే దీని మనసులో పడిందనుకుంటాను. నేను మాడిన పప్పు చూసుకుంటూ ఇదేం గమనించలేదు.

గోదారిగట్టు
సుధమ్మా, చదివి కళ్లు చెమర్చాయి. నాకు అరవై రెండు. మా అన్నయ్య నాకన్నా ఆరేళ్లు పెద్ద. ఏటిగట్టు మీద నన్ను భుజాన ఎక్కించుకుని తిరిగేవాడు. ఇంటరుకి హాస్టల్లో వేశారు. దసరాకి వచ్చినప్పుడు పరిగెత్తుకుంటూ ఎదురెళ్తే "పెద్దపిల్లవి, మీద పడకు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మా అమ్మ "మగపిల్లలంతే" అని కొట్టిపారేసింది. నేను బాదం చెట్టు కింద కూర్చుని ఏడ్చాను. నాకు ఎవరూ ఇలాంటి కథ చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం ఆ ఏడుపుకి ఒక పేరుండేది.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, అది దయ్యాల సినిమా కాదని.

ఇంకోటి. ఫిన్ ముసలమ్మని రెయిన్‌డీర్ అడుగుతుంది కదా, ఈ పిల్లకి పన్నెండుమంది మగాళ్ల బలం ఇచ్చే మందేదైనా ఇమ్మని. ఆవిడ ఇవ్వదు. దానికున్న బలం కన్నా ఎక్కువ నేనేమీ ఇవ్వలేను, అది నా దగ్గర నుంచి తెలుసుకోకూడదు కూడా, అంటుంది. పాపకి ఆ చోటు రెండుసార్లు చదవండి.

నిజాంపేట_నవీన్
సుధ గారూ, అబ్బాయి తరఫున ఒక్క మాట. పదమూడేళ్లప్పుడు నేనూ అలాగే ఉండేవాణ్ణి. చెల్లి మీద కోపం ఏమీ లేదు, నా మీద నాకే చిరాకు. గొంతు మారుతుంది, ఎవరైనా చూస్తే సిగ్గు. దయచేసి వాడి దగ్గరికెళ్లి "నీ కంట్లో అద్దం ముక్క ఉందంటోంది చెల్లి" అని నవ్వుతూ చెప్పకండి. ఇంకా ముడుచుకుపోతాడు. చెల్లి మూడు రోజులుగా నిద్రపోవడం లేదని మాత్రం చెప్పండి. తనకి తనే లెక్క వేసుకుంటాడు.

పుస్తకాలపురుగు
@నిజాంపేట_నవీన్ బాగా చెప్పారు. కథలో కూడా గెర్డా కైని "ఎందుకు మారిపోయావు" అని ఒక్కసారి కూడా నిలదీయదు.

రెక్కలగుర్రం
నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'ఫ్రోజెన్'లో అయితే ఆ ప్రశ్న వచ్చేది కాదేమో.

వెన్నెల_రీలు
వచ్చేది లెండి, అందులోనూ అక్క తలుపు వేసుకునే కూర్చుంటుంది. నేను మా చెల్లితో చూసి ఏడ్చాను.

ఎస్పో_సుధ
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. నవీన్ గారు చెప్పినట్టే చెప్పాను, ఇంకేం కలపలేదు. వాడు "ఊఁ" అన్నాడు, అంతే. ఏమీ పట్టలేదనుకున్నాను. రాత్రి అన్నం తినేటప్పుడు దాన్ని అడిగాడు, "ఆ అట్ట సినిమా ఇంకా ఉందా, తిరిగి ఇచ్చేశారా" అని. ఇంకో వారం గడువుందని పిల్లే లేచి డిస్కు తెచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు. వాడికి ఫిన్నిష్ దానికన్నా బాగా వచ్చు, అర్థంకాని మాటలు తెలుగులో చెబుతూ పోయాడు. మధ్యలో సెట్లు ఎలా చేసి ఉంటారో ఊహిస్తుంటే @పాతసెట్టు_మేస్త్రి గారు చెప్పిన ఉప్పు, గాజు పలక సంగతులు నేను చెప్పాను. మూడు చోట్ల ఆపి వెనక్కి తిప్పి చూశాడు. పిల్ల వాడి మోచేయి పట్టుకునే ఉంది, వాడు విడిపించుకోలేదు.

నిన్న రాత్రి లైటు ఆర్పనిచ్చింది. తలుపు మాత్రం ఓరగా తీసి ఉంచమంది, అన్నయ్య గది వైపు.

ఇప్పుడు కొత్త గొడవ. కథలో రాణి, మంచు ముక్కలతో 'శాశ్వతం' అనే మాట పేర్చగలిగితే లోకమంతా ఇస్తాను, దానితోపాటు కొత్త స్కేట్లు ఇస్తాను అంటుంది కదా. పిల్లకి లోకం అక్కర్లేదట, స్కేట్లు కావాలట. బడి గ్రౌండులో నీళ్లు పోసి ఐసు కట్టించారు, వచ్చే వారం నుంచి ఆటల పీరియడ్‌లో అక్కడే. వాడు నేర్పిస్తానన్నాడు. ఎవరి దగ్గరైనా 32 సైజువి పిల్లలకి చిన్నవైపోయి పక్కన పడి ఉన్నాయా?

పాతసెట్టు_మేస్త్రి
మూడుసార్లు వెనక్కి తిప్పాడా! ఏ చోట్లో అడిగి రాయండమ్మా.

తంపెరె_తమ్ముడు
మావాడివి 33 ఉన్నాయి, తెల్లవి కాదు, నల్లవి. మందం సాక్సు వేస్తే సరిపోతాయి. శనివారం ఎస్పో వస్తున్నాను, లెప్పావారా స్టేషన్‌లో ఇచ్చేదా?

ఎస్పో_సుధ
తీసుకుంటాం. నలుపైతే ఇంకా మంచిదంటోంది, అన్నయ్యవీ నల్లవేనట. శనివారం మధ్యాహ్నం అయితే ముగ్గురం వస్తాం.

ఔలు_లక్ష్మి
అంచులు సాన పట్టించాకే వేసుకోనివ్వండి. కొత్తలో మోకాళ్లకి కూడా ఏదైనా కట్టండి.